పరిచయం అనే అర్హత: గుంటూరు కచేరీ నుంచి లింక్డ్‌ఇన్ దాకా

ఉద్యోగం వెతుక్కునే మనిషి తన చదువును, ఇంతవరకు చేసిన కొలువులను తానే చెప్పుకోవడం ఒకటి, అతని పనితనానికి పైవారు సాక్ష్యం పలకడం మరొకటి, అతనికి ఎవరెవరు తెలుసు అన్నది ఇంకొకటి. ఈ మూడూ చాలాకాలం వేరువేరు కాగితాలపై, కొన్నిసార్లు కాగితానికి ఎక్కకుండానే నడిచాయి. వాటిని ఒకే పుటలో కలిపి, ఎవరైనా చూడగలిగేలా ఉంచిన ఏర్పాటునే నేడు వృత్తి ప్రొఫైల్ అంటున్నారు. దానికి ప్రధాన వేదిక లింక్డ్‌ఇన్. ఈ ఏర్పాటుకు పూర్వచరిత్ర చెప్పేవారు సాధారణంగా 1482 ప్రాంతంలో లియొనార్డో డావించీ మిలన్ పాలకుడు లుడొవీకో స్ఫోర్జాకు ఉద్దేశించి, వంతెనలు, ఫిరంగులు మొదలుకొని తనకు వచ్చిన విద్యలన్నింటినీ ఏకరువు పెట్టి, చిత్రలేఖనాన్ని చిట్టచివర పేర్కొన్న లేఖతో మొదలుపెడతారు. అయితే ఆ లేఖలో ఉన్నది మొదటి అంశం ఒక్కటే. మూడో అంశం, అంటే పరిచయాల లెక్క, ఎలా బలపడి, ఎలా నిందకు గురై, చివరకు ఎలా అర్హతగా మారిందో చూడాలంటే మిలన్ దర్బారు కంటే పందొమ్మిదో శతాబ్దపు గుంటూరు కలెక్టరు కచేరీ మెరుగైన చోటు.

తూర్పు ఇండియా కంపెనీ కొలువంతా పై నుంచి కింది దాకా పరిచయాల మీదే నిలబడింది. ఇంగ్లండు నుంచి వచ్చే యువకులకు తొలి మెట్టు అయిన రైటర్ పదవి, లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లలో ఎవరో ఒకరు పేరు ప్రతిపాదిస్తే తప్ప దొరికేది కాదు. ఆ ప్రతిపాదన హక్కును డైరెక్టర్లు తమ సొంత ఆస్తిలా భావించి బంధుమిత్రుల బిడ్డలకు పంచేవారు. అలా వచ్చిన దొర జిల్లా కలెక్టరయ్యాక అతని కింద పనిచేసే దేశీయ సిబ్బంది నియామకం సిరస్తాదారు చేతిలోకి వెళ్లేది. సిరస్తాదారు అంటే కచేరీలోని దేశీయ ఉద్యోగులందరికీ పెద్ద. లెక్కలు, దస్త్రాలు అతని అదుపులో ఉండేవి, కొత్తగా వచ్చిన కలెక్టరుకు జిల్లాలో ఎవరు ఎవరో చెప్పేదీ అతనే. ఖాళీ ఏర్పడితే తమకు దక్కుతుందన్న ఆశతో జీతం లేకుండా ఏళ్ల తరబడి కచేరీలో రాతకోతలు చేస్తూ ఉండే యువకులను ఉమేదువారులనేవారు. వారికి పని నేర్చుకోవడం ఎంత ముఖ్యమో సిరస్తాదారు కంట్లో పడటం అంత ముఖ్యం. ఇంకా చెప్పాలంటే రెండోదే ఎక్కువ ముఖ్యం.

ఈ లోకంలో పైకి వచ్చిన తెలుగువాడి జీవితం ఎలా ఉండేదో తెలియడానికి ఒక అరుదైన ఆధారం మిగిలింది. ఒంగోలు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి సుబ్బారావు 1784లో పుట్టి, అనేక భాషలు నేర్చి, 1815 నుంచి 1829 వరకు మద్రాసులోని సదర్ అదాలతులో, అంటే కంపెనీ పెద్ద న్యాయస్థానంలో, అనువాదకుడిగానూ దుభాషిగానూ పనిచేశాడు. అతను ఇంగ్లీషులో రాసుకున్న స్వీయచరిత్రను అతని కుమారుడు 1873లో మద్రాసులో అచ్చు వేయించాడు. తెలుగువారి ఆత్మకథా సాహిత్యానికి తొలి మెట్టుగా దీన్ని సాహిత్య చరిత్రకారులు గౌరవించడం సబబే; అయితే సాహిత్య దృష్టిని కాసేపు పక్కన పెట్టి చదివితే అది ఒక ఉద్యోగి తన కొలువులను, తాను ఎవరి కింద పనిచేశాడో, ఎవరి ప్రాపకంతో ఒక చోటి నుంచి మరో చోటికి మారాడో వరుసగా నమోదు చేసుకున్న పత్రంగా కూడా కనిపిస్తుంది. ఆ పుస్తకం శీర్షిక పుటపైనే అది బంధుమిత్రుల తెలివిడి కోసం ప్రచురించినదని ఉంది. పాఠకులు ఎవరో ముందే తెలిసిన ఆ చిన్న వలయానికి, నేటి ప్రొఫైల్ చూసే అపరిచిత లోకానికి మధ్య ఉన్న దూరాన్ని ఆ ఒక్క మాట పట్టి ఇస్తుంది.

వ్యక్తికి ఉపకరించిన ఈ ప్రాపకం సంస్థకు చేసిన నష్టం గుంటూరులో బయటపడింది. 1788 నుంచి 1848 దాకా ఆ జిల్లా చరిత్రను రాబర్ట్ ఫ్రికెన్‌బర్గ్ 1965లో వెలువడిన తన గ్రంథంలో సవిస్తరంగా రాశాడు. దేశస్థ మరాఠీ బ్రాహ్మణ కుటుంబాలు కొన్ని హుజూరు కచేరీని, అంటే కలెక్టరు స్వయంగా ఉండే ముఖ్య కార్యాలయాన్ని, తమ చేతుల్లో ఉంచుకుని, తమ వారినే కొలువుల్లో నింపుకొని, ఇతరులు చదవలేని మరాఠీ మోడీ లిపిలో లెక్కలు నడిపి, పన్ను బకాయిలను కలెక్టర్ల కంట పడకుండా దాచిన తీరు అందులో కనిపిస్తుంది. 1840లలో శిస్తు వసూళ్లు దెబ్బతిని విచారణ తప్పనిసరి కాగా, కమిషనరుగా వచ్చిన వాల్టర్ ఇలియట్ 1846లో సమర్పించిన నివేదిక ఆ వ్యవహారాన్ని బట్టబయలు చేసింది. 1850ల తొలి ఏళ్లలో మద్రాసు రెవెన్యూ బోర్డు, జిల్లాలోని కొలువులు కొద్ది కుటుంబాల గుత్తసొత్తు కాకుండా చూడాలని, ముఖ్యమైన పదవులను పలు కులాల మధ్య పంచాలని కలెక్టర్లకు స్థాయీ ఉత్తరువు జారీ చేసింది. తర్వాతి కాలంలో మద్రాసు రాష్ట్రంలో సాగిన సామాజిక ప్రాతినిధ్య చర్చలకు ఈ ఉత్తరువు మూలమని చెప్పడం పరిపాటి. ఇక్కడ ముఖ్యమైన సంగతి వేరు: ఎవరికి ఎవరు తెలుసు అన్న విషయం ఈ ఉత్తరువుతో ఉద్యోగి అర్హత కాక అతనిపై అనుమానానికి కారణమైంది.

అదే కాలంలో కచేరీ బయట, దొరల బంగళాల్లో, సాక్ష్యపు కాగితాలకు మరో చరిత్ర నడిచింది. ఊరు మారిపోయే దొర తన వంటవాడికో బట్లరుకో నడవడి బాగుందని రాసిచ్చే కాగితాన్ని చీటీ అనేవారు. ఆ మాట ఆంగ్లో ఇండియన్ల ఇంగ్లీషులోకి కూడా చేరి, 1886లో వెలువడిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువుకు ఎక్కింది. చీటీల మూట లేకుండా కొత్త దొర దగ్గర నిలబడే పని లేకపోవడంతో వాటికి విలువ పెరిగింది; విలువ పెరిగాక ఒకరి చీటీలను మరొకరు చూపడం, అద్దెకు తెచ్చుకోవడం, కొత్తవి రాయించుకోవడం మొదలైంది. చదువుకున్నవారి లోకంలో ఇదే కాగితం యోగ్యతాపత్రంగా, నడవడి సర్టిఫికెట్టుగా మర్యాదైన రూపం ధరించింది. గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలు, ఆ అధికారికి అభ్యర్థి ముఖం తెలియకపోయినా ఎవరూ అడగని స్థితి ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం కొనసాగింది.

పరిచయానికి విరుగుడుగా ప్రభుత్వం ఎంచుకున్నది పరీక్ష. 1853 చార్టర్ చట్టం డైరెక్టర్ల ప్రతిపాదన హక్కును రద్దు చేసింది. 1855లో లండన్‌లో తొలి పోటీ పరీక్ష జరిగింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక పట్టా ఉద్యోగానికి దారిచీటీ అయింది, పట్టా చేతికి రానివారు సైతం అంతవరకు చదివినట్టు పేరు పక్కన రాసుకునేవారు. 1929లో మద్రాసు రాష్ట్రంలో సర్వీసు కమిషన్ ఏర్పడటంతో నియామకం పూర్తిగా మార్కుల వ్యవహారం కావాలన్న ఆదర్శానికి ఒక సంస్థ రూపం దొరికింది.

హైదరాబాద్ సంస్థానంలో కథ మరోలా సాగింది. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్ జంగ్ పాలనను ఆధునికీకరించడానికి ఉత్తరాది నుంచి చదువుకున్నవారిని రప్పించాడు. వారు తమకు తెలిసినవారిని, వారు మరికొందరిని పిలిపించుకోగా, ఉన్నత పదవులు పరదేశీయుల పాలయ్యాయన్న అసంతృప్తి స్థానికుల్లో నాటుకుంది. 1919లో నిజాం ఫర్మానాతో ముల్కీ నిబంధనలు స్థిరపడ్డాయి. ముల్కీ అంటే ఆ రాజ్యానికి చెందినవాడు. పదిహేనేళ్లు స్థిరనివాసం ఉన్నవారికీ ఆ హోదా లభించేది. పరిచయాల గొలుసును తెంచడానికి పుట్టిన ఈ నిబంధన మరో కాగితానికి, ముల్కీ సర్టిఫికెట్టుకు, ప్రాణం పోసింది. 1948లో సంస్థానం భారతదేశంలో కలిశాక బయటి ప్రాంతాల నుంచి వచ్చినవారు దొంగ సర్టిఫికెట్లతో కొలువుల్లో చేరుతున్నారన్న ఆరోపణతో 1952లో వరంగల్లులో మొదలైన విద్యార్థుల ఆందోళన హైదరాబాద్‌కు పాకి, సెప్టెంబరు మొదటి వారంలో సిటీ కాలేజీ వద్ద పోలీసు కాల్పులకు దారితీసింది. ఉద్యోగార్థి చూపే పత్రం నిజమా కాదా అన్న ప్రశ్న తెలుగునాట ప్రాణాలు తీసేంత తీవ్రంగా మారిన సందర్భం ఇది. ఈనాటి నకిలీ ప్రొఫైళ్ల గురించి తేలికగా మాట్లాడేవారు దీన్ని మరవకూడదు.

స్వాతంత్ర్యానంతరం పరిచయం లేనివాడికి ప్రభుత్వం ఒక వరుస చూపింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విడుదలైన సైనికులకు పని చూపడానికి 1945లో మొదలైన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల వ్యవస్థ క్రమంగా అందరికీ తెరుచుకుంది. ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపడం 1959 చట్టంతో తప్పనిసరి అయింది. నిరుద్యోగి పేరు నమోదు చేయించుకుని, కార్డు తెచ్చుకుని, దాన్ని మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ, సీనియారిటీ వచ్చేదాకా ఎదురుచూసేవాడు. ఆ కార్డు కూడా ఒక ప్రొఫైలే, కాని అందులో మనిషి గురించి అతని మాట గాని, ఇతరుల మాట గాని ఉండదు. వరుసలో అతని స్థానం మాత్రమే ఉంటుంది. 1976లో మొదలైన ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రిక ఈ వరుసకు పక్కగా మరో దారి వేసింది. చివరకు కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టక పత్రికల్లోనూ ప్రకటించి అర్హులందరినీ పరిశీలించాలని 1996లో కోర్టు చెప్పింది. అప్పటికే యువకులు చాలామంది ఆ కార్డు మీద ఆశ వదులుకున్నారు.

పరిచయాన్ని నియామకంలోంచి తొలగించడానికి శతాబ్దానికి పైగా సాగిన ఈ ప్రయత్నానికి అమెరికాలో ఒక సామాజిక శాస్త్రవేత్త అనుకోని సమాధానం ఇచ్చాడు. మార్క్ గ్రానోవెటర్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారిన వృత్తి నిపుణులను పరిశీలించి, వారిలో సగానికి పైగా వ్యక్తిగత పరిచయాల ద్వారానే కొత్త కొలువు సంపాదించారని కనుగొన్నాడు. అంతకంటే ఆసక్తికరమైన అంశాన్ని 1973 నాటి అతని వ్యాసం వివరించింది: ఉద్యోగం సంగతి చెప్పిన మనిషిని తరచుగా కలుస్తున్నవారు ఆరింట ఒక వంతు మాత్రమే, మిగిలినవారు అతణ్ని అప్పుడప్పుడో అరుదుగానో కలిసేవారు. దగ్గరివారికి తెలిసిన కబుర్లు మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు దూరపు పరిచయస్థుడి నుంచే వస్తుంది అన్నది అతని తర్కం. దీన్ని బలహీన బంధాల బలం అని పేర్కొన్నాడు. గుంటూరు కచేరీలో పనిచేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సూత్రం. అక్కడ బావమరిది, మేనల్లుడు వంటి గట్టి బంధాలే కొలువు ఇచ్చాయి. ఈ తేడాను గమనించకుండా సిఫారసు, నెట్‌వర్కింగ్ ఒకటేనని తేల్చేయడం తొందరపాటు.

తెలుగువారి విషయంలో ఈ రెండు సూత్రాలూ కలిసి పనిచేసిన కాలం 1990ల చివర వచ్చింది. కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీ సమస్యను సరిదిద్దడానికి అమెరికాకు వేలమంది ప్రోగ్రామర్లు కావలసిరాగా, 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న హైదరాబాద్‌లో అమీర్‌పేట శిక్షణ కేంద్రాలతో నిండిపోయింది. బాడీ షాపింగ్ అనే పద్ధతిలో కన్సల్టెన్సీలు నిపుణులను తమ పేరు మీద విదేశాలకు రప్పించి, అవసరమైన కంపెనీలకు అద్దెకు ఇచ్చేవి. పని దొరికేదాకా ఉద్యోగి బెంచి మీద ఉండేవాడు. హైదరాబాద్, సిడ్నీల్లో ఈ వ్యవస్థను పరిశీలించిన షియాంగ్ బియావో 2007లో ప్రచురించిన గ్రంథంలో, ప్రపంచ విపణిగా కనిపించే ఈ వ్యాపారం లోపల కులం, బంధుత్వం, కట్నం ఎంత లోతుగా పనిచేశాయో చూపాడు. ఈ దశలో రెజ్యూమె ఉద్యోగి చేతిలోంచి జారిపోయింది. దాన్ని కన్సల్టెన్సీ తిరగరాసి, అనుభవం పెంచి, మార్కెటింగ్ చేసేది. చేయని ఉద్యోగానికి అనుభవపత్రం సంపాదించడాన్ని అమీర్‌పేటలో ఫేక్ పెట్టడం అనడం నేటికీ మామూలే. దీనికి పరిశ్రమ ఇచ్చిన జవాబు, సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘమైన నాస్కామ్ చొరవతో 2006లో మొదలైన నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ; ఐటీ ఉద్యోగుల చదువు, అనుభవం వివరాలను మూడో పక్షంతో సరిచూపించి భద్రపరిచే పట్టిక అది. ఉద్యోగుల వివరాలను పరిశ్రమ ఒక చోట రాసిపెట్టిన ఈ ప్రయత్నం, వారే తమ వివరాలను రాసుకుంటున్న మరో పట్టిక ముందు చిన్నదైపోయింది.

ఆ మరో పట్టికకు ముందు రెండు ప్రయోగాలు నడిచాయి. 1997లో న్యూయార్కులో ఆండ్రూ వైన్‌రిచ్ స్థాపించిన సిక్స్‌డిగ్రీస్, పరిచయస్థుల పరిచయస్థులను తెరపై చూపిన తొలి వేదిక. అప్పటికి ఇంటర్నెట్ వాడేవారే తక్కువ కావడంతో అది నిలవలేదు. అదే ఏడు సంజీవ్ బిక్చందానీ మొదలుపెట్టిన నౌకరీ.కామ్ పత్రికల్లోని ఉద్యోగ ప్రకటనలను సేకరించి ఒక చోట చేర్చి బతికింది. రెండోది వ్యాపారంగా గెలిచినా అది ప్రకటనకు, దరఖాస్తుకు యంత్రరూపమే తప్ప పరిచయాలతో దానికి పని లేదు. పేపాల్ సంస్థలో ఉన్నత పదవిలో ఉండి, అది ఈబేకు అమ్ముడయ్యాక బయటకు వచ్చిన రీడ్ హాఫ్‌మన్, మరికొందరితో కలిసి 2002 డిసెంబరులో లింక్డ్‌ఇన్‌ను స్థాపించాడు. 2003 మే 5న అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆ ఏడాదే అతను మార్క్ పింకస్‌తో కలిసి సిక్స్‌డిగ్రీస్ పేటెంటును 7 లక్షల డాలర్లకు కొన్నాడు. తొలి నెల చివరికి లింక్డ్‌ఇన్ సభ్యులు 4,500 మంది. నేరుగా తెలిసినవారు మొదటి అంచె, వారికి తెలిసినవారు రెండో అంచె అన్న లెక్కతో, తొలినాళ్లలో రెండో అంచెలోని వ్యక్తిని చేరాలంటే మధ్యనున్న పరిచయస్థుడి ద్వారా అభ్యర్థన పంపాల్సిన ఏర్పాటు ఉండేది. సిఫారసుకు ఇంత నిక్కచ్చి నిర్మాణం అంతకు ముందెన్నడూ ఏర్పడలేదు.

2006లో ప్రొఫైళ్లు బయటి వారికీ కనిపించేలా తెరుచుకున్నాయి. దీని పరిణామం నెమ్మదిగా బయటపడింది. ఎక్స్ఛేంజి కార్డు, నౌకరీ రెజ్యూమె ఉద్యోగం కావాలని అడిగేవారివి. ప్రొఫైల్ ఉద్యోగంలో నిలకడగా ఉన్నవాడిది కూడా. నియామకాల పరిభాషలో పాసివ్ క్యాండిడేట్ అనే ఈ మనిషి, అంటే పని వెతకకపోయినా మంచి పిలుపు వస్తే కదలగలవాడు, కంపెనీలకు అన్నిటికంటే విలువైన సరకు. అతణ్ని వెతికే సౌకర్యాన్ని రిక్రూటర్లకు అమ్మడమే లింక్డ్‌ఇన్ ఆదాయంలో పెద్ద వాటా అయింది. సభ్యుడు పేరు కింద రాసుకునే ఒక్క వరుస, అతను ఎంచుకున్న నైపుణ్యాల పేర్లు, పనిచేసిన సంస్థలు రిక్రూటరు వెతుకులాటలో తగిలే కొక్కేలు కాబట్టి, చేసిన పనిని పరిశ్రమ వాడే మాటల్లోనే రాయడం ప్రొఫైల్ కళలో మొదటి పాఠమైంది. ఏళ్ల అనుభవం ఉండి కూడా ఆ మాటలు తెలియనివాడు ఈ పట్టికలో కనిపించడు. పరీక్షా విధానానికి, సిఫారసు విధానానికి లేని కొత్త అన్యాయం ఇది.

సాక్ష్యపు కాగితానికీ ఇక్కడ కొత్త జన్మ లభించింది. పాత పై అధికారి పేరు పెట్టి నాలుగు వాక్యాలు రాసే రికమండేషన్ ముందు వచ్చింది. సాక్షి పేరు, ఫొటో, ఉద్యోగం అందరికీ కనిపిస్తాయి కాబట్టి అది బట్లరు చీటీ కంటే నమ్మదగినది. 2012లో వచ్చిన ఎండార్స్‌మెంట్ మాత్రం ఒక్క నొక్కుతో ఫలానా నైపుణ్యం ఇతనికుందని పలికే సౌకర్యం. ఎదుటివాడు తిరిగి నొక్కుతాడన్న ఆశతో జనం తమకు తెలియని విద్యలకు కూడా సాక్ష్యం చెప్పారు. ఖర్చులేని సాక్ష్యానికి విలువ ఉండదన్న పాఠం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఇక పరిచయాల సంఖ్య 500 దాటితే ఆ తర్వాతి లెక్క చూపకుండా 500+ అని మాత్రమే చూపే పద్ధతి, ఎంతమంది తెలుసన్నదాన్ని గౌరవ చిహ్నంగా మార్చింది. రెవెన్యూ బోర్డు అనుమానించినది ఇక్కడ మనిషి ముఖచిత్రం పక్కనే చేరింది. 2020లో, కరోనా వల్ల ఉద్యోగాలు పోయిన వేళ, పని కోసం చూస్తున్నానని చాటే ఆకుపచ్చ వలయం ఫొటో చుట్టూ వచ్చింది. దాన్ని పెట్టుకుంటే చులకనవుతామా అన్న సంశయం మాత్రం నేటికీ తీరలేదు.

2009 చివర లింక్డ్‌ఇన్ భారతదేశంలో కార్యాలయం తెరిచింది. సభ్యుల సంఖ్యలో అమెరికా తర్వాతి స్థానం ఈ దేశానిదే. 2011 మేలో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలో 45 డాలర్లకు ఇచ్చిన షేరు మొదటి రోజే 94 డాలర్లు దాటి ముగిసింది. 2016 జూన్‌లో ఆ సంస్థను 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ నిర్ణయం తీసుకున్న ముఖ్య కార్యనిర్వహణాధికారి సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టిన తెలుగువాడు కావడం యాదృచ్ఛికమే అయినా, తెలుగు ఉద్యోగార్థుల చరిత్రలో ప్రస్తావన లేకుండా వదిలేసే యాదృచ్ఛికం కాదు.

గ్రానోవెటర్ ప్రతిపాదనను ఈ వేదిక మీదే పరీక్షించే అవకాశం యాభై ఏళ్లకు దొరికింది. మీకు తెలిసి ఉండవచ్చు అంటూ సభ్యులకు కొత్త పేర్లు సూచించే అల్గారిథమ్‌ను, అంటే ఎవరికి ఎవరిని చూపాలో తేల్చే గణన సూత్రాన్ని, లింక్డ్‌ఇన్ 2015 నుంచి 2019 దాకా రకరకాలుగా మార్చి చూసింది. కొందరికి దగ్గరి పరిచయాలను, కొందరికి దూరపు పరిచయాలను ఎక్కువగా సూచించింది. దాదాపు 2 కోట్ల మంది సభ్యులకు సంబంధించిన ఆ ఫలితాలు 2022 సెప్టెంబరులో సైన్స్ పత్రికలో వెలువడ్డాయి. ఉద్యోగం మారడానికి అన్నిటికంటే తక్కువ ఉపకరించినవి అతి గట్టి బంధాలు. అన్నిటికంటే ఎక్కువ ఉపకరించినవి మరీ బలహీనమైనవి కాక, ఉమ్మడి మిత్రులు కొందరున్న మధ్యస్థ బంధాలు. డిజిటల్ పని ఎక్కువగా ఉన్న రంగాల్లో బలహీన బంధాలు, తక్కువగా ఉన్న రంగాల్లో గట్టి బంధాలు మేలు చేశాయని కూడా తేలింది. తాము ఏ గుంపులో ఉన్నామో, తమకు ఏ రకం పేర్లు ఎక్కువగా చూపారో ఆ సభ్యులకు ఎవరూ చెప్పలేదు. ఫలితాలు వెలువడ్డాక ప్రశ్నలు రాగా, సమాచారాన్ని పరిశోధనకు వాడుకోవడానికి సభ్యత్వ నిబంధనలు అనుమతిస్తున్నాయని సంస్థ బదులిచ్చింది.